ఫోన్ వీడియోలు ఎడిట్ చేసుకోవడానికి ఏ కంప్యూటర్? అమెరికాకి కొత్తగా వచ్చినవారికి

"పాప అన్నప్రాసన వీడియో మేమే ఎడిట్ చేసుకుందామనుకుంటున్నాం, ఏ కంప్యూటర్ కొనాలి?" అని అడిగితే చాలామంది పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ పీసీ కొనమంటారు. ఆ మాట విని పన్నెండు వందల డాలర్లు పెట్టేయకండి. ఫోన్‌లో తీసిన ముక్కల్ని కత్తిరించి, సన్నాయి కలిపి, తెలుగులో పేర్లు వేసి యూట్యూబ్‌లో పెట్టడానికి అంత యంత్రం అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ డిపాజిట్టూ, కారూ, ఇన్సూరెన్సూ అన్నీ ఒకేసారి మీదపడే మొదటి ఏడాదిలో ఆ డబ్బుకి వేరే పనులుంటాయి.

అసలు ఇబ్బంది ఎక్కడ వస్తుందో ముందు తెలుసుకోవాలి. ఇప్పటి ఐఫోన్లు మామూలుగా హెచ్.265 ఫార్మాట్‌లో రికార్డు చేస్తాయి. ఫైలు చిన్నదిగా ఉండాలని ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచకుండా, పక్క ఫ్రేములతో పోల్చి మారిన భాగాన్నే రాసుకునే పద్ధతి అది. ఎడిటింగ్‌లో మీరు మధ్యలో ఎక్కడ నొక్కినా కంప్యూటర్ వెనకున్న పూర్తి ఫ్రేము దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. చిప్‌లో దీనికని డీకోడర్, అంటే ఆ లెక్క కట్టే ప్రత్యేక భాగం, ఉంటే సాఫీగా నడుస్తుంది. లేకపోతే మంచి ప్రాసెసరు కూడా ఆగి ఆగి ఆడిస్తుంది.

ఇంటెల్‌లో ఈ డీకోడర్ పేరు క్విక్ సింక్. అది గ్రాఫిక్స్ భాగంలో ఉంటుంది కాబట్టి, మోడల్ నంబరు చివర ఎఫ్ అక్షరం ఉన్న చిప్పుల్లో ఉండదు. ఐ5-12400లో ఉంది, ఐ5-12400ఎఫ్‌లో లేదు. పది ఇరవై డాలర్లు తగ్గుతాయని ఎఫ్ కొంటే ఆ పనికి గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనాల్సిందే. యాపిల్ సొంత చిప్పుల్లో ఎం1 నుంచీ అన్నిటిలోనూ డీకోడర్ ఉంది.

తక్కువలో పోవాలంటే ఆఫీసుల నుంచి తీసేసిన రిఫర్బిష్డ్ డెస్క్‌టాప్ మంచిది. డెల్ ఆప్టిప్లెక్స్ 7060, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ4, లెనోవో థింక్‌సెంటర్ ఎం720 లాంటివి, ఐ5-8500తో (ఇది ఇంటెల్ 8వ తరం చిప్పు). 8వ తరం కంటే పాతది ఎంత చవగ్గా వచ్చినా వద్దు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, 8వ తరం కంటే పాత ఇంటెల్ చిప్పుల్ని దాదాపుగా విండోస్ 11 ఒప్పుకోదు. 8వ తరం యంత్రానికి 250 డాలర్లకు మించి పెట్టొద్దన్నది మా సలహా. అంతకు పైన 10వ తరం, ఆ తర్వాతవి వెతకండి.

వీటిలో పెట్టె సైజు చూసుకోవాలి. అన్నిటికంటే చిన్న మైక్రో సైజులో మామూలుగా గ్రాఫిక్స్ కార్డు పెట్టడానికి చోటుండదు, ర్యామ్ కూడా ల్యాప్‌టాప్‌ది పడుతుంది. మధ్య సైజులో సగం ఎత్తు కార్డులే పడతాయి, అవీ స్లాటు నుంచి వచ్చే 75 వాట్లతో నడిచేవే అయి ఉండాలి. డెల్ పవర్ సప్లై కనెక్టర్లు మామూలువి కావు, బయట కొన్నది దానికి సరిపోదు. తర్వాత కార్డు వేసే ఆలోచన ఉంటే టవర్ సైజే తీసుకోండి.

కాస్త ఎక్కువ పెట్టగలిగితే మాక్ మినీ ఎం4. 2024లో వచ్చినప్పుడు 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజితో 599 డాలర్లు, విద్యార్థులకు 499. మానిటర్, కీబోర్డు, మౌస్ విడిగా కొనాలి. దీనికి పాత తరహా యూఎస్‌బీ రంధ్రాలు లేవు, అన్నీ టైప్-సివే, కాబట్టి ఇంట్లో ఉన్న కీబోర్డు వాడాలంటే చిన్న అడాప్టర్ కావాలి. 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్‌కి వంద, మిగతావాటికి నలభై అనుకున్నా టెక్సస్‌లో 8.25 శాతం టాక్స్‌తో 800 డాలర్లకు చేరుతుంది. షాపులో రాసి ఉండే ధరలో టాక్స్ కలపరని కొత్తవారు మర్చిపోతుంటారు. ఒరెగాన్, డెలావేర్, న్యూ హాంప్‌షైర్, మోంటానాల్లో రాష్ట్ర సేల్స్ టాక్స్ లేదు.

సెమిస్టరుకో ఇల్లు మారే విద్యార్థులకైతే ల్యాప్‌టాపే నయం. 8 జీబీ ర్యామ్ బోర్డుకి అతికించేసి ఉన్నవి, 64 జీబీ ఈఎంఎంసీ (నెమ్మదిగా నడిచే చవక రకం) స్టోరేజి ఉన్నవి, క్రోమ్‌బుక్‌లు, ఈ మూడూ బ్లాక్ ఫ్రైడేకి ఎంత తగ్గించి పెట్టినా ఈ పనికి కొనకండి. కొనేముందు మీ యూనివర్సిటీ లైబ్రరీలో మీడియా ల్యాబ్ ఉందేమో కనుక్కోండి. ఏడాదికి రెండు వీడియోలకైతే అదే చాలు.

ర్యామ్ 16 జీబీ ఉండాలి, అదీ ఎనిమిదేసి జీబీల స్టిక్కులు రెండుగా. విడిగా కార్డు లేని యంత్రంలో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే స్టిక్కు ఉంటే డేటా వెళ్ళే దారి సగమైపోతుంది. విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిస్తే ఎన్ని స్లాట్లు నిండాయో కనిపిస్తుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందుకని తర్వాత వేయించుకుందామని 8 జీబీది కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

స్టోరేజి లెక్క సులువే. ఐఫోన్‌లో 4కె, సెకనుకి 30 ఫ్రేములతో తీస్తే నిమిషానికి సుమారు 170 ఎంబీ. రెండు గంటల ఫంక్షన్ అంటే 20 జీబీ. ఎడిటింగ్‌కి పుట్టే అదనపు ఫైళ్ళతో ఒక్కో ఫంక్షన్‌కి 50 జీబీ అనుకోండి. బయట పెట్టే 1 టీబీ ఎస్‌ఎస్‌డి తీసుకుని, దాంతో వచ్చిన కేబులే వాడండి. ఫోన్ ఛార్జింగు కేబుల్‌తో కలిపితే చాలాసార్లు యూఎస్‌బీ 2 వేగమే వస్తుంది, సెకనుకి 40 ఎంబీ దాటదు, తప్పు డిస్కుదనుకుంటారు. విండోస్‌లోనూ మాక్‌లోనూ వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ సొంత ఫార్మాట్) డిస్కు మాక్‌లో తెరుచుకుంటుంది గానీ దానిమీద రాయడం కుదరదు.

కంప్యూటర్ కంటే ముందు ఫోన్ సెట్టింగులు సరిచేస్తే సగం బాధ తీరుతుంది. కెమెరా సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ వీడియో ఆపేయండి. లేకపోతే ఎడిట్ చేసిన వీడియోలో పట్టుచీర రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఆటో ఎఫ్‌పీఎస్ కూడా ఆపండి. వెలుతురు తగ్గినప్పుడు ఫోన్ ఫ్రేముల వేగం మార్చేస్తే, ఇరవై నిమిషాల తర్వాత పంతులుగారి పెదాలకీ మంత్రానికీ పొంతన ఉండదు. ఇప్పటికే అలా తీసేసి ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియో ట్యాబ్‌కి వెళ్ళి, కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని 30కి మార్చుకోండి.

ఇండియాలో తీసిన వీడియోలకి ఇంకో చిక్కుంది. అక్కడ కరెంటు 50 హెర్ట్జ్, ఇక్కడ 60. ఇక్కడి అలవాటున 30 ఫ్రేములతో తీస్తే కల్యాణమండపం ట్యూబులైట్ల కింద నల్లటి చారలు కదులుతూ కనిపిస్తాయి. అవి పడ్డాక పూర్తిగా పోగొట్టడం కష్టం. అక్కడ తీసేవాళ్ళని ఐఫోన్‌లో షో పాల్ ఫార్మాట్స్ ఆన్ చేసి 25 పెట్టమనండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, 2 జీబీ దాకా కుదించకుండా వస్తుంది.

సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. మాక్‌లో ఐమూవీ ఉచితం, డావించీ రిజాల్వ్ ఉచిత రూపం కూడా బాగా నడుస్తుంది. కార్డు లేని ఆఫీసు డెస్క్‌టాప్‌లో రిజాల్వ్ జీపీయూ (గ్రాఫిక్స్) మెమరీ చాలదని మొరాయిస్తుంది, షాట్‌కట్ అనే ఉచిత ఎడిటర్ వాడండి. ఒక మాట: డీకోడర్ ఉన్నా ప్రతి సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా వాడుకోదు. షాట్‌కట్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి యూజ్ ప్రాక్సీ ఆన్ చేసుకోండి. చిన్న నకళ్ళతో ఎడిట్ అవుతుంది, ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్ళతోనే జరుగుతుంది. రిజాల్వ్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్‌రేట్ మొదట్లోనే నిర్ణయించుకోండి, తర్వాత మార్చనివ్వదు. ఇండియావి, ఇక్కడివి కలిపితే ఏవి ఎక్కువుంటే ఆ రేటు పెట్టండి.

తెలుగు పేర్లు వేసేటప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తులు ఊడిపోతాయి. 'శాస్త్రి' అని రాస్తే 'శాస్‌త్‌రి' అని పడుతుంది. అడోబీ ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్, గ్రాఫిక్స్‌కి వెళ్ళి టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మారిస్తే సర్దుకుంటుంది. మిగతావాటిలో తిప్పలు పడకుండా ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో పేరు రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీగా తీసి వీడియో మీద పెట్టండి. పెళ్ళికార్డులవాళ్ళు వాడే పాత 'అను' ఫాంట్లకి యూనికోడ్ అక్షరాలు ఎక్కవు.

పాత మాక్ ఎవరి దగ్గరైనా కొనేటప్పుడు మీ ఎదుటే మొత్తం చెరిపించి, వైఫై కలిపి మొదటి నుంచి సెటప్ చేయించండి. రిమోట్ మేనేజ్‌మెంట్ అని తెర వస్తే అది ఇంకా ఏదో కంపెనీ అజమాయిషీలో ఉన్నట్టే, తీసుకోకండి. స్టోర్ కార్డు (షాపు పేరుతో ఇచ్చే క్రెడిట్ కార్డు) మీద వడ్డీ లేదంటే డిఫర్డ్ ఇంటరెస్ట్ అనే మాట ఉందేమో చదవండి. గడువులోగా మొత్తం తీర్చకపోతే మొదటి రోజు నుంచీ వడ్డీ వేస్తారు. ఎఫ్-1, హెచ్-1బీ మీద ఉన్నవారు తెలిసినవాళ్ళ పుట్టినరోజు వీడియోకైనా సరే డబ్బు తీసుకోకండి, అది అనుమతి లేని పని కిందికి వస్తుంది. యూట్యూబ్ ఆదాయం తెరిచేముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి.

తెచ్చిన రోజే పరీక్షించండి. మీ ఫోన్‌తోనే పది నిమిషాలు 4కెలో తీసి, నాలుగు చోట్ల కత్తిరించి, పాటా పేరూ వేసి, 1080పీకి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫైలుని విండోస్ ప్లేయర్‌లో ఆడిస్తూ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కింద వీడియో డీకోడ్ గీత చూడండి. అది కదలకుండా సీపీయూ వందకి చేరితే ముందు ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవరు, తర్వాత మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో హెచ్‌ఈవీసీ (హెచ్.265కే ఇంకో పేరు) ఎక్స్‌టెన్షన్ వేసి మళ్ళీ చూడండి. అయినా మారకపోతే వాపసు చేయండి. కొన్ని షాపుల్లో వాపసు గడువు రెండు వారాలే, కాస్ట్‌కోలో కంప్యూటర్లకి 90 రోజులు. అప్పటిదాకా బిల్లూ, అట్టపెట్టే పారేయకండి.