"పరిశోధనలో తేలింది" అంటే నమ్మొచ్చా? ఒకప్పుడు తేల్చినవాణ్ణి చెబుతున్నా

"పరిశోధనలో తేలింది" అని వచ్చే వార్తల్ని ఎంతవరకు నమ్మాలని అడిగారు. ఆరేళ్లు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చెప్పాను, ఆ తేల్చడం ఎలా ఉంటుందో దగ్గరుండి చూశా.

కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లొస్తున్నారు, తలా రెండు పరిశోధన పేపర్లు వేయకపోతే ఇంక్రిమెంట్ లేదన్నారు. (జీతమే రెండు నెలలకోసారి వచ్చేది, అది వేరే కథ.) సిమెంటులో పది శాతం తగ్గించి రైస్ మిల్లు ఊక బూడిద కలిపి నేనూ పిల్లలూ బలం పరీక్షించడానికి కాంక్రీటు క్యూబులు పోశాం. సరిగ్గా అప్పుడే సంక్రాంతి, అందరం ఊళ్లకి పోయాం, క్యూబుల్ని నానబెట్టే క్యూరింగ్ తొట్టిలో నీళ్లు చూసే దిక్కు లేదు. తిరిగొచ్చేసరికి పై వరస క్యూబులు వడియాల్లా ఎండిపోయి ఉన్నాయి. మామూలుగా 28 రోజుల బలంలో మూడింట రెండు వంతులు ఏడు రోజులకే వస్తుంది, మాకేమో ఏడుకీ 28కీ పెద్ద తేడానే లేదు. మళ్లీ పోయడానికి టైం లేదు. హెచ్‌ఓడీ షీటు చూసి "ఇలా పంపితే ఎవరు వేసుకుంటారండీ, కాస్త సర్దండి" అన్నారు. అంకెలు సర్దాను. ఒక జర్నల్‌కి మూడు వేల ఐదొందలు కట్టాను, రెండో రోజుకే యాక్సెప్ట్ అయింది. పేపరు పరిశీలించే రివ్యూయర్‌కి దొరికిన తప్పల్లా ఫాంటు.

ఇలాంటివాటిని ఏరేయాలని, యూనివర్సిటీల్ని పర్యవేక్షించే యూజీసీ 2018లో తను గుర్తించిన జర్నళ్ల జాబితాలోంచి 4,305 జర్నళ్లని తీసేసింది. పేపర్లు లెక్కపెట్టి ప్రమోషన్లిస్తుంటే ఒకటి పోయిన చోట రెండు పుడతాయి.

పెద్ద జర్నళ్లూ తక్కువేం కాదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పేపరు 1998లో లాన్సెట్ అనే పేరున్న వైద్య జర్నల్‌లో వచ్చింది, అదీ 12 మంది పిల్లల్ని చూసి! వెనక్కి తీసుకున్నది 2010లో. బండారం బయటపెట్టింది రివ్యూయర్లు కాదు, బ్రయాన్ డీర్ అనే విలేకరి. ఈలోగా బ్రిటన్‌లో టీకాలు తగ్గి తట్టు మళ్లీ వచ్చింది. అదే డెన్మార్క్‌లో 5 లక్షల పైచిలుకు పిల్లల రికార్డులు చూసి సంబంధం లేదని 2002లోనే చెప్పారు, అది ఎవరి వాట్సాప్‌కీ రాలేదు. మా చెల్లెలు టీకాతో ఆటిజం వస్తుందనే ఫార్వర్డు చూసే పాపకి టీకా వద్దంటే తిట్టి మరీ తీసుకెళ్లా. ఒక్క పేపరుని నేనూ నమ్మను, వేర్వేరు చోట్ల పదిమంది చేసి అదే వస్తే నమ్ముతా.

నా పేపరు ఇంకా నెట్‌లోనే ఉంది, నలుగురు రిఫరెన్సుగా వాడుకున్నారు కూడా. తీసేయండని నేనే మెయిల్ పెడితే దానికీ ఫీజు ఉందన్నారు.