కిట్ సంగతి వదిలేయండి, చెమ్మ ఎక్కడిదో చూడండి
బీరువా వెనక గోడ మీద నల్ల మచ్చలు, పైగా ఇంట్లో ఫంగస్ ఉందో లేదో చూసే టెస్ట్ కిట్ ప్లేటులో నాలుగు రోజులకే ఫంగస్ మొలిచిందని టెన్షన్ పడుతున్నారు కదా, ఆ ప్లేటు ఎవరింట్లో పెట్టినా మొలుస్తుందండి, గాలిలో దాని బీజాలు ఎప్పుడూ ఉంటాయి. కంటికి కనిపిస్తున్నదాన్ని ఏ జాతో తేల్చుకోవడానికి డబ్బు పెట్టడం నా లెక్కలో దండగే, ఏ జాతైనా దాన్ని తీసేయాలి, చెమ్మ ఆపాలి.

మచ్చ పక్కన గోడను తుడిచి, ఆరాక, జానెడు అల్యూమినియం ఫాయిల్‌ను నాలుగు అంచులా గాలి దూరకుండా టేపుతో అంటించి రెండు రోజులు ఆగండి. గోడవైపు తడి కనిపిస్తే నీరు గోడలోంచే వస్తోంది, పైపులూ బయటి పగుళ్లూ చూడాలి. గదివైపు కనిపిస్తే గాలిలో తేమ ఎక్కువ, బీరువాను బెత్తెడు ముందుకు జరిపి, తేమ 60 శాతం దాటకుండా చూసుకోండి.

గాలిలో ఫంగస్ బీజాలు లెక్కించే పరీక్ష చేయించి తీరాలనుకుంటే బయటి గాలి శాంపిల్ కూడా తీయమనండి, పోల్చడానికి అది లేకపోతే ఆ రిపోర్టు అంకెలతో ఏమీ తేలదు.