మానక్‌జీ పారిస్ ఎందుకు వెళ్ళాడు?

చిరంజీవికి,

నీ వ్రాతప్రతి అందింది. బొంబాయిలో ఫ్రీమేసన్ల పెద్దగా పేరుపొందిన స్కాట్లాండు వైద్యుడు డాక్టర్ జేమ్స్ బర్న్స్ మీద ఇరవై రెండు పేజీలు. ఎర్ర పెన్ను పట్టుకుని లెక్కపెట్టాను. ‘మహోన్నత’ పదకొండు సార్లు, ‘సేవాతత్పరుడు’ తొమ్మిది సార్లు. ఏడో పేజీలో ‘జాతి వివక్ష గోడను కూల్చిన మహనీయుడు’ అన్నావు చూడు, అక్కడ పెన్ను కింద పడేసి వరండాలోకి వెళ్ళిపోయాను. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

కూల్చాడా? నువ్వు పోగుచేసిన వివరాలే కాదంటున్నాయి కదా! మానక్‌జీ కర్సెట్‌జీ అనే పారసీ పెద్దమనిషి ఫ్రీమేసన్లలో, అంటే ఒకరినొకరు సోదరులని పిలుచుకునే ఆ ఐరోపా సంఘంలో, చేరాలనుకున్నాడు. బొంబాయిలో చేర్చుకోలేదు. సొంత ఊళ్ళో దొరకని ప్రవేశం పారిస్‌లో దొరికింది. 1843 డిసెంబర్ 15న బర్న్స్ బొంబాయిలో భారతీయుల కోసం ‘రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా’ అనే లాడ్జి, అంటే ఫ్రీమేసన్ల శాఖ, పెట్టాడు. పారసీలూ ముస్లింలూ చేరారు. మంచిదే. ఆ రోజుల్లో ఒక తెల్లదొర అంతమాత్రం చేయడం చిన్న పనేమీ కాదు. కానీ గోడ గోడలాగే ఉంది, ఆయన దాని పక్కన ఇంకో గుమ్మం పెట్టించాడు. కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్ అనే హిందువుకు ఫ్రీమేసన్లలో ప్రవేశం దొరికేసరికి 1872 వచ్చింది. తొమ్మిదేళ్ళు పోరాడాడు. హిందువుకు దేవుడొక్కడు కాదు గనుక చేరేటప్పుడు వాడు చేసే ప్రమాణం చెల్లదని వాదించినవాళ్ళున్నారు. గోడ 1843లోనే కూలి ఉంటే ఆయన తొమ్మిదేళ్ళు దేని ముందు నిలబడ్డాడు? బర్న్స్‌ది స్కాట్లాండు ఫ్రీమేసన్ల పరంపర, దత్ పోరాడింది ఇంగ్లాండు ఫ్రీమేసన్ల పరంపరతో. ఆ తేడా కూడా నీ వ్యాసంలో లేదు.

నలభై ఏళ్ళుగా అందరితో పోట్లాడుతున్న మాటే నీకూ చెబుతున్నాను. పెద్దవాళ్ళ చరిత్రను లోపల కుర్చీలో కూర్చున్నవాడి వైపు నుంచి రాయకు. బయట చెప్పులు విప్పుకుని నిలబడ్డవాడి దగ్గర మొదలుపెట్టు. నీ వ్యాసం మాంట్రోజ్‌లో 1801లో పుట్టుకతో మొదలవుతుంది. నేనైతే మానక్‌జీ పారిస్ ప్రయాణంతో మొదలుపెడతాను.

ఇది ఊరికే అబ్బిన తెలివి కాదు. ముప్పై ఏళ్ళ వయసులో ఒక తాలూకా వైద్యుడి జీవితం రాశాను. ఆయన దగ్గర అప్పు పుస్తకం దొరికింది. మందుకు డబ్బివ్వలేనివాళ్ళ పేర్లన్నీ అందులో ఉన్నాయి, కొన్నిటి ఎదుట ‘గుమ్మడికాయ ముట్టింది’ అని జమ. నాలుగు పేజీలు దాని మీదే రాశాను. సంపాదకుడు ఆ నాలుగూ తీసేసి, దండతో ఉన్న ఫొటో వేసి, చివర తానే ‘నేటి యువతకు స్ఫూర్తి’ అని చేర్చాడు. పారితోషికం యాభై రూపాయలు, అదీ ఏడాది తరువాత చేతికొచ్చింది. ఆ గుమ్మడికాయ ఇప్పటికీ నా గొంతులో అడ్డం పడే ఉంది.

ఇప్పటి పత్రికలకు ఇంకో పిచ్చి. ఫ్రీమేసన్ అంటే చాలు, ముఖచిత్రం మీద కన్నూ త్రిభుజమూ వేసి ‘రహస్య సంఘం గుట్టు’ అంటారు. నువ్వు అటు పోలేదు, సంతోషం. కానీ ‘లాడ్జి’ అని రాసి వదిలేశావు. మన పాఠకుడికి ఆ మాట వింటే బస్టాండు ఎదుట అద్దె గదులు గుర్తొస్తాయి. కొత్తవాణ్ణి చేర్చుకోవాలంటే సభ్యులు పెట్టెలో తెల్ల గోళీయో నల్ల గోళీయో వేస్తారని, నల్లది అంటే వద్దని, ఒక్క ముక్క చెప్పు. ఆ పెట్టె చప్పుడు వినిపిస్తే మానక్‌జీ అవమానం పాఠకుడికి తెలుస్తుంది. హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి ఫ్రీమేసన్ల సభాస్థలమే, ఓసారి బయటి నుంచైనా చూసి రా.

సింధు పాలకుడైన అమీరుకు వైద్యం చేయడానికి బర్న్స్ 1827లో వెళ్ళిన ఘట్టం బాగుంది. ఆయన వెళ్ళిన హైదరాబాద్ సింధులోనిదని మాత్రం స్పష్టం చేయి, లేకపోతే మనవాళ్ళు చార్మినార్ ఊహించుకుంటారు.

కానీ 1841 నవంబర్ 2ను ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ రోజు కాబూల్‌లో ఆయన తమ్ముళ్ళు అలెగ్జాండర్, చార్లెస్ ఇద్దరినీ జనం చంపేశారు. రెండేళ్ళ తరువాత అదే అన్న ముస్లింలను సోదరులని పిలిచే సభకు తలుపు తెరిచాడు. ఆయన మనసులో ఏముందో నువ్వు కల్పించవద్దు, నీకూ నాకూ తెలియదు. రెండు తేదీలు పక్కపక్కన పెట్టు, మధ్యలో ఏమీ రాయకు. ‘మహోన్నత’ అన్న మాట అప్పుడు నీకే బరువనిపిస్తుంది.

నువ్వడిగిన ముందుమాట సంగతి తరువాత చూద్దాం. వచ్చే నెల కుడికంటికి శుక్లాల ఆపరేషన్. రెండో ప్రతి పెద్ద అక్షరాల్లో, ఒకవైపే అచ్చు తీసి పంపు. పోయినసారి రెండు వైపులా తీశావు, అవతలి అక్షరాలు ఇవతల కనబడి నానా తిప్పలు పడ్డాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు