సంతకం చేసేది మీ అమ్మాయి, భయం మాత్రం మీది

ఉత్తరం సారాంశం: మా అమ్మాయి రాజేంద్రనగర్‌లో పశువైద్యం మూడో ఏడాది చదువుతోంది. ప్రభుత్వ ఉద్యోగమే చేస్తానంటోంది. రోగం వచ్చిన ఫారాల్లోకి వెళ్లి కోళ్లను చంపించాలని, పశువుల రవాణా ఆపించాలని విన్నాం. రైతులు తిరగబడితే ఆడపిల్ల ఏం చేస్తుంది? నగరంలో కుక్కలు, పిల్లుల క్లినిక్ పెట్టించడం మేలు కదా? రెండూ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, వనస్థలిపురం

అయ్యా, ఈ ఉత్తరం నాకు ఏటా వస్తుంది. పేటల పేర్లు మారతాయి, ‘ఆడపిల్ల ఏం చేస్తుంది’ అన్న మాట మాత్రం మారదు.

ముందు మీరు విన్న అధికారాల సంగతి. పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణకు 2009లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం పశువైద్యాధికారి కొట్టంలోకైనా, ఫారంలోకైనా, లారీలోకైనా వెళ్లి తనిఖీ చేయవచ్చు. చనిపోయిన పశువుకు శవపరీక్ష చేయవచ్చు. రోగం ఆగాలంటే తప్పదనుకున్నప్పుడు, సోకిన పశువును బాధ లేకుండా చంపించాలని రాతపూర్వకంగా ఆదేశించవచ్చు. వింటే పోలీసు అధికారంలా ఉంది కదా? మరి విధులకు అడ్డుపడిన మనిషికి అదే చట్టం పెట్టిన జరిమానా చూడండి. మొదటిసారి 1,000 రూపాయల వరకు. కట్టకపోతేనే జైలు, అదీ నెలకు మించదు. పది వేల గుడ్ల కోళ్లు రోజుకు టన్నుకు పైగా దాణా తింటాయి. అలాంటి ఫారం యజమాని వెయ్యి రూపాయలకు జంకుతాడా?

టీకా వేయకుండానే వేసినట్టు ధ్రువపత్రం ఇస్తే మాత్రం జరిమానా 5,000. రైతు కన్నా సంతకం చేసే చేతినే చట్టం ఎక్కువ అనుమానించింది. మీకు భయపడాలనే ఉంటే ఇక్కడ భయపడండి. ‘ఆ ఊళ్లో పశువులకు గాలికుంటు రోగం టీకాలు పూర్తయినట్టు రాసేయమ్మా’ అని పైనుంచి ఫోను వచ్చిన రోజు కాదనడానికి ధైర్యం కావాలి. అది ఇంట్లో నేర్చుకోవలసిన ధైర్యం.

ఇక ఫారంలోకి ఒంటరిగా వెళుతుందా అంటే, వెళ్లదు. బర్డ్ ఫ్లూ అనుమానం వస్తే నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు పోతాయి. నిర్ధారణ అయ్యాకే కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపడం మొదలవుతుంది. రెవెన్యూ, పోలీసు, వైద్య శాఖలవాళ్లూ వెంట దిగుతారు. 2015 ఏప్రిల్‌లో ఈ రోగం బయటపడింది హయత్‌నగర్ మండలం తొర్రూరులో, అంటే మీ ఇంటి నుంచి ఆటోలో వెళ్లే దూరంలో. రోగాలన్నీ ఎక్కడో మారుమూల పల్లెల్లోనే ఉంటాయని ఇంకా అనుకుంటున్నారా?

నా దగ్గర సలహా తీసుకుని ఈ దారిలోకి వెళ్లిన అమ్మాయి ఒకామె అలాంటి బృందంలో పనిచేసింది. ఒళ్లంతా కప్పే సూటులో చెమట, కళ్లద్దాల లోపల ఆవిరి, వీటి కన్నా లెక్కే కష్టమైందట. పరిహారం చంపిన కోళ్లకే వస్తుంది, అప్పటికే చచ్చినవాటికి రాదు. రైతు భార్య నోటు పుస్తకం పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి, ‘ఇంకోసారి లెక్కపెట్టమ్మా’ అంది. ఈమె మూడుసార్లు లెక్కపెట్టింది. ఎవరూ తిరగబడలేదు. మొదటి రోజే కబురు పెట్టి ఉంటే ఇంకెన్ని కోళ్లకు డబ్బు వచ్చేదో ఆ ఇల్లాలికి అప్పుడు తెలిసింది. ఈసారి ఆమె ముందు ఫోను చేసేది ఈ డాక్టరమ్మకే.

క్లినిక్ మాటకొస్తే, ఈ మోజు మీద నాకు చాలా అనుమానాలున్నాయి. జూబ్లీహిల్స్‌లో నాలుగు క్లినిక్‌ల ముందు కార్లు చూసి అందరూ అదే దారి అంటున్నారు. అద్దె, ఎక్స్‌రే, స్కానింగ్ యంత్రం, రక్తపరీక్షల యంత్రం, రాత్రిపూట మనిషి, వీటన్నిటికీ అప్పు మీ పేరు మీద. ప్రాణంలా పెంచుకున్న కుక్కకు ఆపరేషన్ అంటే నిన్న మొన్న పట్టా తీసుకున్న పిల్ల చేతికి ఎవరిస్తారు? రెండు మూడేళ్లు సీనియర్ దగ్గర చెయ్యి తిరగాలి. వీలైతే శస్త్రచికిత్సలో పీజీ చేయాలి. తర్వాతే బోర్డు. పైగా చట్టం అక్కడా వదలదు. రేబిస్ కూడా ఆ చట్టంలోని రోగాల జాబితాలో ఉంది, తెలిసిన వెంటనే డాక్టరు సమాచారం ఇవ్వాల్సిందే.

దారులు ఈ రెండే కావు, శాంతినగర్‌లో పశువుల టీకాలు తయారుచేసే సంస్థ, చెంగిచర్లలో మాంస పరిశోధన కేంద్రం కూడా ఉన్నాయి. వాటి గురించి మీరు అడగలేదు.

పోల్చి చెప్పమన్నారు. కానీ మీ ఉత్తరంలో అమ్మాయి మాట ఒక్క వాక్యమే ఉంది, మిగిలిందంతా మీ మాటే. సంబంధాలు చూసేటప్పుడు ‘పశువుల డాక్టరు’ అని చెప్పడానికి నామోషీగా ఉందా? ఉంటే ఆ మాటే రాయండి, రైతుల మీద నెట్టకండి. అయిదున్నరేళ్ల చదువులో మూడో ఏడాదికి వచ్చిన పిల్ల గేదె కొమ్ము దెబ్బ ఎలా తప్పించుకోవాలో ఈపాటికే నేర్చుకుని ఉంటుంది. ఆమెకేమీ కాదు.

ఈసారి గాలికుంటు టీకాల శిబిరానికి ఆమె వెళ్లేటప్పుడు మీరూ వెంట వెళ్లండి. గేదె చెవికి పన్నెండంకెల గుర్తింపు బిళ్ల వేస్తుంటే తాడు పట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు, రేబిస్ ముందస్తు టీకాలు వేయించుకుందో లేదో అడగండి. లేదంటే ఆ వారమే తీసుకెళ్లి వేయించండి.