ముప్పై దాటాక వచ్చాడు సరే, అప్పటిదాకా ఎక్కడున్నాడు?

ప్రశ్న: విదేశాల్లో పనైపోయిన ఆటగాళ్లే చివర్లో నాలుగు డబ్బులు చూసుకోవడానికి ఐఎస్‌ఎల్‌కి (మన ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్‌కి) వస్తారని మా మైదానంలో అందరూ అంటారు. ఫిజీ స్ట్రైకర్ రాయ్ కృష్ణ కూడా ముప్పై దాటాకే కదా వచ్చింది? మీరు ఈ శీర్షికలో అతని పేరు ఎత్తినప్పుడల్లా అంత అభిమానంగా ఎందుకు రాస్తారు?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: అభిమానంగానే రాస్తాను, దాచుకోను. మీరు చెప్పిన బాపతు ఆటగాళ్లూ ఉన్నారు. ఇరవై ఏళ్లకే పెద్ద క్లబ్బులో పడి, పదేళ్లు ఆడి, మోకాళ్లు అరిగాక విమానమెక్కినవాళ్లు. రాయ్ కృష్ణ లెక్క వేరు. మొదటి పూర్తిస్థాయి ప్రొఫెషనల్ కాంట్రాక్టు చేతికొచ్చేసరికే అతనికి ఇరవై ఆరు. వేరేవాళ్లు సగం ఆట ముగించే వయసులో ఇతను మొదలుపెట్టాడు. అందులో అతని తప్పేమీ లేదు. పుట్టిన చోటు అలాంటిది.

పసిఫిక్ సముద్రంలోని ఫిజీలో మూడు వందలకు పైగా దీవులున్నా మొత్తం జనాభా పది లక్షలు దాటదు. ఉన్న రెండు పెద్ద దీవుల్లో చిన్నది వనువా లెవు. అక్కడి చెరకు ఫ్యాక్టరీ ఊరు లంబాసాలో 1987లో పుట్టాడు రాయ్. (ఫిజీ భాషలో ‘బ’ అని రాసి ‘ంబ’ అని పలుకుతారు. అందుకే పటంలో లబాసా అని ఉంటుంది.) ఆ ఊరి జట్టులోనే సీనియర్ ఆట మొదలుపెట్టాడు. ఆ దేశంలో కుర్రాళ్ల కలలన్నీ రగ్బీ చుట్టూ తిరుగుతాయి. ఫుట్‌బాల్‌తో బతకాలనుకున్నవాడు సముద్రం దాటాల్సిందే.

2008లో దాటాడు. ఆక్లాండ్ పడమటి వైపు జట్టు వైటాకెరే యునైటెడ్‌లో చేరాడు. న్యూజిలాండ్ లీగ్ అప్పట్లో సగమే ప్రొఫెషనల్. వారాంతంలో మ్యాచ్ ఆడి, సోమవారం ఉద్యోగానికి వెళ్లే ఆటగాళ్ల లీగ్ అది. గోల్స్ కొడుతూనే ఉన్నాడు, జట్టు టైటిళ్లు గెలుస్తూనే ఉంది. అయినా పైమెట్టు కాంట్రాక్టు మాత్రం చేతికి రాలేదు. నాకు బాధ కలిగించేది ఈ అయిదేళ్లే. ఇరవై ఒకటి నుంచి ఇరవై ఆరు దాకా. గోల్స్ కొట్టాల్సిన స్ట్రైకర్ కాళ్లలో వేగం నిండుగా ఉండే రోజులవి. ఆ గోల్స్ చూసింది ఎంతమంది?

2013 డిసెంబరులో మొరాకోలో క్లబ్ ప్రపంచకప్ జరిగింది. అప్పటికి రాయ్ ఆక్లాండ్ సిటీకి మారాడు. ఆతిథ్య జట్టు రాజా కాసాబ్లాంకాతో మ్యాచ్, మైదానం నిండా వాళ్ల జనమే. ఒక గోల్ వెనకబడి ఉండగా స్కోరు సమం చేసింది ఇతనే. చివరి నిమిషాల్లో గోల్ ఇచ్చుకుని ఆక్లాండ్ 1-2తో ఓడిపోయింది. అదే రాజా జట్టు ఆ తర్వాత ఫైనల్ దాకా వెళ్లి బాయెర్న్ మ్యూనిక్‌తో తలపడింది. కొన్ని వారాలకే వెల్లింగ్టన్ ఫీనిక్స్ రాయ్‌ని తీసుకుంది. ఆస్ట్రేలియా ఏ-లీగ్‌లో ఆడే ఏకైక న్యూజిలాండ్ క్లబ్ అప్పట్లో అదే. ఏ-లీగ్‌లో ఆడిన తొలి ఫిజీ ఆటగాడు ఇతనే.

ఇక మీ అసలు ప్రశ్న. 2018-19 సీజన్‌లో 18 గోల్స్‌తో ఏ-లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ తెచ్చుకున్నాడు. ఆ లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే జానీ వారెన్ పతకమూ అందుకున్నాడు. అప్పటికి ముప్పై ఒక్కేళ్లు. ఆ వెంటనే మన దగ్గరికి వచ్చాడు. అంటే కెరీర్‌లో అన్నిటికన్నా మంచి సీజన్ ముగించి, ఆ ఊపులోనే వచ్చినవాడు. పనైపోయి వచ్చినవాడు కాదు. కోల్‌కతా క్లబ్ ఏటీకే తరఫున తొలి సీజన్‌లో 15 గోల్స్, ట్రోఫీ. మరుసటి ఏడు ఏటీకే మోహన్ బగాన్ తరఫున 14 గోల్స్, లీగ్ ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్. ఐఎస్‌ఎల్‌లో జరిగిన తొలి కోల్‌కతా డెర్బీలో, అంటే ఆ ఊరి రెండు జట్ల పోరులో, మొదటి గోల్ కూడా అతనిదే.

ఈసారి పాత మ్యాచ్‌లు చూసినప్పుడు బంతిని వదిలేసి అతని భుజాన్నే చూడండి. పొడగరి కాదు. డిఫెండర్ పక్కకు రాగానే ముందు భుజం లోపలికి పెడతాడు, ఆ తర్వాతే బంతి వైపు అడుగు. దారి అప్పటికే అతనిదైపోతుంది. తొలి సీజన్‌లో అతని పక్కన ఆడిన డేవిడ్ విలియమ్స్ వెల్లింగ్టన్ నుంచి వచ్చిన జోడీయే. ఒకరు ఎటు కదులుతారో ఇంకొకరికి చూడకుండానే తెలిసేది. బెంగళూరుతో సెమీస్ తొలి మ్యాచ్‌లో ఓడిపోయి, సొంతగడ్డ మీద 3-1తో గెలిచిన రోజు ఆ మూడు గోల్సూ ఈ ఇద్దరివే.

ప్రశ్న: పేరు కృష్ణ, ఊరు ఫిజీ. ఎలా? అక్కడ మన తెలుగువాళ్లు ఉన్నారా?
– ఒక గృహిణి

జవాబు: ఉన్నారమ్మా. 1879 నుంచి 1916 వరకు చెరకు తోటల పనికి అరవై వేల మందికి పైగా భారతీయులను ఓడల్లో ఫిజీకి తీసుకెళ్లారు. అయిదేళ్ల ఒప్పందం, అంటే అగ్రిమెంటు. ఆ మాటే వాళ్ల నోట ‘గిర్మిట్’ అయింది, వాళ్లు గిర్మిటియాలయ్యారు. మొదట్లో ఓడలన్నీ కలకత్తా నుంచే. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా బయల్దేరాయి. తెలుగువాళ్లు ఎక్కింది ఆ ఓడలే. వాళ్ల వారసులు 1941లో పెట్టుకున్న ఆంధ్ర సంగం అక్కడ ఇంకా ఉంది. రాయ్ కృష్ణ కూడా గిర్మిటియాల సంతతే.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. ఫిజీ ఫుట్‌బాల్ సంఘం 1938లో ‘ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్’గానే పుట్టింది. రగ్బీ మూలవాసులది, ఫుట్‌బాల్ తోట కూలీల పిల్లలది అన్నట్టుగా ఉండేది. అరవైల్లో ఆ ‘ఇండియన్’ అన్న మాట తీసేసి తలుపులు అందరికీ తెరిచారు. దక్షిణాది వాళ్ల సంగం ఇప్పటికీ ఈస్టర్ సెలవుల్లో ఫుట్‌బాల్ పోటీలు పెడుతుంది.

ప్రశ్న: 2016 ఒలింపిక్స్‌లో ఫిజీ జట్టు జర్మనీ చేతిలో 0-10తో ఓడింది కదా. అలాంటి జట్టును ఆడనివ్వడం దేనికి?
– పేరు రాయని పాఠకుడు

జవాబు: ఆ పది గుర్తున్నాయి కదా, ఆ మూడు రోజుల ముందుది కూడా గుర్తు పెట్టుకోండి. సాల్వడార్‌లో మెక్సికోతో మ్యాచ్. మెక్సికో అంటే అప్పటికి ఒలింపిక్ చాంపియన్. పదో నిమిషంలో కెప్టెన్ రాయ్ కృష్ణ తలతో గోల్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఫిజీకి అదే తొలి గోల్. విరామానికి తెర మీద ఫిజీ 1, మెక్సికో 0. నేను టీవీ ముందు నించునే ఉన్నాను, కూర్చోలేకపోయాను. రెండో సగంలో మెక్సికో ఆటగాడు గుటియెరెజ్ ఒక్కడే నాలుగు కొట్టాడు, మ్యాచ్ 1-5 అయింది. కానీ ఆ నలభై అయిదు నిమిషాలు జరిగాయి. వాటిని ఆ దేశం నుంచి ఎవరూ తీసుకోలేరు. ఆడనివ్వకపోతే అవి ఎక్కడివి? జర్మనీ చేతిలో పది తిన్న మర్నాడే ఫిజీ రగ్బీ సెవెన్స్ జట్టు బ్రిటన్‌ను 43-7తో ఓడించి దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం, అదీ స్వర్ణం, తెచ్చింది.

ప్రశ్న: రాయ్ కృష్ణకు న్యూజిలాండ్ పౌరసత్వం ఉందని విన్నాను. మరి ఆ జట్టుకు ఆడి ఉంటే ప్రపంచకప్ అవకాశం దక్కేది కదా?
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: పౌరసత్వం ఉంది. క్లబ్బులో విదేశీ ఆటగాడి కోటా తప్పడానికి అది పనికొచ్చింది. దేశం జట్టు మార్చుకోవడానికి మాత్రం పనికిరాదు. సీనియర్ స్థాయిలో ఒక దేశానికి పోటీ మ్యాచ్ ఆడితే ఆ దేశంతోనే ముడి పడేది. 2020లో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా కొంత సడలించింది గానీ, అది ఇరవై ఒక్కేళ్లు నిండకముందు మూడు పోటీ మ్యాచ్‌లకు మించి ఆడనివాళ్లకే. అప్పటికి రాయ్ ఎన్నో ఏళ్లుగా ఫిజీ చొక్కా వేసుకుంటున్నాడు. ఫిజీకి అత్యధిక గోల్స్ కొట్టింది కూడా అతనే.

పైగా అతను పేరు తెచ్చుకున్న తొలి పెద్ద మ్యాచ్ ఏదో తెలుసా? 2008 నవంబరు, ఫిజీలోని లౌటోకా, ప్రపంచకప్ క్వాలిఫయర్. ఫిజీ 2-0తో గెలిచింది. రెండు గోల్సూ రాయ్ కృష్ణవే. ఎదుట నిలబడిన జట్టు న్యూజిలాండ్.