కథల్లో నచ్చుతుంది, నాకైతే వద్దనిపిస్తుంది

ప్రశ్న: నాకు 27. రొమాంటిక్ నవలలు తెగ చదువుతా, ఘాటు సీన్లు కూడా ఇష్టమే, కానీ ఆ ప్లేస్‌లో నన్ను ఊహించుకుంటే చాలు పుస్తకం మూసేయాలనిపిస్తుంది. ఎవరిమీదా అలాంటి కోరిక పుట్టలేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నాలో ఏదైనా లోపముందా మేడమ్?

జవాబు: లోపం కాదమ్మా, అస్సలు కాదు. దీన్ని ఏగోసెక్సువల్ అంటారు, ఎసెక్సువల్, అంటే ఎవరిమీదా లైంగిక ఆకర్షణ పెద్దగా కలగని తీరు, దాని కిందకే వస్తుంది. ఇలాంటివాళ్లు కోరికని కథలోనో ఊహలోనో ఎంజాయ్ చేస్తారు గానీ అందులో తాము ఉండరు, కొందరికైతే ఊహల్లో కనిపించేది కూడా ఎవరో వేరే మనుషులే. కెనడా సైకాలజిస్ట్ ఆంథొనీ బోగార్ట్ 2012లోనే దీని గురించి రాశారు, ఆయన పెట్టిన పేరు ఆటోకోరిసెక్సువలిజం, తర్వాత జనంలో ఏగోసెక్సువల్ అనే చిన్న పేరే నిలిచింది. తనని తాను ఎసెక్సువల్ అనుకునే మనిషికి కోరికలేమి జబ్బని ముద్ర వేయకూడదని 2013లో వచ్చిన అమెరికా సైకియాట్రీ మాన్యువల్ డీఎస్ఎం-5 కూడా చెప్పింది. ముందు ఉన్న కోరిక సడెన్‌గా పోతే మాత్రం డాక్టర్‌కి చూపించుకోవాలి, మీది అది కాదు కదా.

పెళ్లయ్యాక అన్నీ అవే సర్దుకుంటాయి అంటారు చూడండి, దయచేసి ఆ మాట నమ్మి మెడ వంచొద్దు. చేసుకోవాలనే ఉంటే అబ్బాయితో విడిగా కూర్చుని, నిశ్చితార్థానికి ముందే, ఇదంతా చెప్పండి.