సేవ్ అయిన రికార్డు గ్రిడ్‌లో కనబడట్లేదు, రిఫ్రెష్ చేసినా రావట్లేదు: ఏం చేయాలి?

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది: సీ షార్ప్ విన్‌ఫారమ్స్ (విండోస్ డెస్క్‌టాప్) అప్లికేషన్‌లో రెండో ఫారమ్ తెరిచి కొత్త కస్టమర్‌ని సేవ్ చేస్తున్నారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో రో (వరుస) పడుతోంది గానీ మెయిన్ ఫారమ్‌లోని డేటాగ్రిడ్‌వ్యూలో, అంటే పట్టికలా చూపించే గ్రిడ్‌లో, కనబడట్లేదు. రిఫ్రెష్ పిలిచినా లాభం లేదు. డేటాబేస్ నుంచి మెమరీకి డేటా తెచ్చే అడాప్టర్‌తో మళ్ళీ ఫిల్ చేస్తే పాత రోలన్నీ రెండేసి సార్లు వస్తున్నాయి.

రిఫ్రెష్ అనే పేరు చూసి చాలామంది బోల్తా పడతారు. అది గ్రిడ్‌కి ప్రత్యేకమైన మెథడ్ కాదు, బటన్‌కీ లేబుల్‌కీ కూడా ఉంటుంది. కంట్రోల్‌ని తెర మీద మళ్ళీ గీయడమే దాని పని. అసలు గ్రిడ్‌కి డేటాబేస్ సంగతే తెలియదు. దానికి తెలిసింది మెమరీలో ఉన్న డేటాటేబుల్ ఒక్కటే. ఆ టేబుల్‌లో ఉన్నది మీరు ఫిల్ చేసిన నాటి డేటా. కాబట్టి తాజా చేయాల్సింది టేబుల్‌ని.

ఇక రోలు రెట్టింపు కావడం. డేటాటేబుల్‌కి ప్రైమరీ కీ (ప్రతి రోని విడిగా గుర్తించే కాలమ్) లేకపోతే ఫిల్ ఉన్నవాటి కిందే మళ్ళీ అన్నీ చేరుస్తుంది. కీ ఉంటే పోల్చి చూసి, ఉన్న రోనే మారుస్తుంది. డేటాబేస్‌లో కీ ఉంది కదా అనుకోవద్దు, అది మెమరీ టేబుల్‌కి దానంతటది రాదు. అడాప్టర్‌లో మిస్సింగ్‌స్కీమాయాక్షన్‌ని యాడ్‌విత్‌కీ చేయాలి. అప్పుడు కూడా, డేటాబేస్‌లో డిలీట్ అయిన రోని ఫిల్ తీసెయ్యదు, అది గ్రిడ్‌లో అలాగే వేలాడుతూ ఉంటుంది. అందుకే కొన్ని వేల రోల లోపు టేబుల్ అయితే నేను వేరే తెలివితేటలకు పోను: క్లియర్, ఆ వెంటనే ఫిల్.

కాకపోతే క్లియర్‌కి ముందూ వెనకా పని ఉంది. షోడైలాగ్ ఓకే అని తిరిగి రాగానే గ్రిడ్ మీదా, బైండింగ్‌సోర్స్ (టేబుల్‌కీ గ్రిడ్‌కీ మధ్య వారధి) మీదా ఎండ్‌ఎడిట్ పిలవండి, సగంలో ఉన్న ఎడిట్ ముగుస్తుంది. తర్వాత టేబుల్ మీద గెట్‌ఛేంజెస్ చూడండి. అది నల్ కాకపోతే యూజర్ ఇంకా సేవ్ చేయని మార్పులున్నట్టు. క్లియర్ చేస్తే అవి చెప్పాపెట్టకుండా పోతాయి, కాబట్టి ముందు సేవ్ చేయండి లేదా యూజర్‌ని అడగండి. ఎంచుకుని ఉన్న రో ఐడీని దాచుకోండి, రో నంబర్ని కాదు: కొత్త రికార్డు మధ్యలో చేరితే నంబర్ మారిపోతుంది. ఫస్ట్‌డిస్‌ప్లేడ్‌స్క్రోలింగ్‌రోఇండెక్స్ (గ్రిడ్‌లో అన్నిటికన్నా పైన కనబడుతున్న రో నంబర్) కూడా దాచుకోండి. బైండింగ్‌సోర్స్‌లో రైజ్‌లిస్ట్‌ఛేంజ్‌డ్‌ఈవెంట్స్‌ని (గ్రిడ్‌కి మార్పుల కబురు పంపే ప్రాపర్టీ) ఫాల్స్ చేసి క్లియర్, ఫిల్ చేయండి. ఫైనల్లీ బ్లాక్‌లో (ఎర్రర్ వచ్చినా నడిచే భాగం) దాన్ని తిరిగి ట్రూ చేసి, గ్రిడ్ అంతా మళ్ళీ చదువుకునేలా రీసెట్‌బైండింగ్స్ పిలవండి. కాలమ్స్ మారలేదు కనుక ఆర్గ్యుమెంట్ ఫాల్స్ చాలు. ఆపైన బైండింగ్‌సోర్స్ ఫైండ్‌తో పాత ఐడీ వెతికి పొజిషన్ ఇవ్వండి, మైనస్ 1 వస్తే వదిలేయండి. స్క్రోల్ ఇండెక్స్ పెట్టేముందు రోకౌంట్‌తో సరిచూడాలి. రోలు తగ్గిపోయి ఉంటే అక్కడే ఎక్సెప్షన్ వస్తుంది.

డేటాసోర్స్‌ని నల్ చేసి మళ్ళీ ఇమ్మని సలహా ఇచ్చేవాళ్ళు ఎక్కువ. పని జరుగుతుంది గానీ, ఆటోజెనరేట్‌కాలమ్స్ ఆన్‌లో ఉంటే కాలమ్స్ మళ్ళీ పుడతాయి. యూజర్ సర్దుకున్న వెడల్పులు పోతాయి. మీ సోర్స్ మామూలు లిస్ట్ అయినప్పుడు ఈ అవసరం పడుతుంది, ఎందుకంటే లిస్ట్‌లో ఏం చేర్చినా గ్రిడ్‌కి కబురు వెళ్ళదు. దాని బదులు, ఆ కబురు పంపే బైండింగ్‌లిస్ట్ వాడండి. సెల్ విలువలు మారినా కనబడాలంటే క్లాస్‌లో ఐనోటిఫైప్రాపర్టీఛేంజ్‌డ్ (విలువ మారిందని చెప్పే ఇంటర్‌ఫేస్) కూడా కావాలి. అయితే బైండింగ్‌లిస్ట్ మీద పైన చెప్పిన ఫైండ్ పనిచేయదు, లూప్‌తో వెతుక్కోవాలి.

గ్రిడ్‌లో కనబడి, అప్లికేషన్ మూసి తెరిస్తే మాయమవుతుంటే అది రివర్స్ కేసు. అడాప్టర్ అప్‌డేట్‌కి ముందే యాక్సెప్ట్‌ఛేంజెస్ పిలిచారేమో చూడండి. అలా పిలిస్తే రోలన్నీ 'మారనివి'గా నమోదవుతాయి, అప్‌డేట్‌కి రాయడానికి ఏమీ మిగలదు. ప్రాజెక్ట్‌లో ఎండీఎఫ్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్) ఫైల్ చేర్చి ఉంటే దాని 'కాపీ టు అవుట్‌పుట్ డైరెక్టరీ' ప్రాపర్టీ కూడా చూడండి. 'కాపీ ఆల్వేస్' ఉంటే బిల్డ్ చేసినప్పుడల్లా ప్రాజెక్ట్‌లోని పాత ఫైల్ వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది.

పక్క సిస్టమ్‌లో మారినవి కూడా రావాలంటే, చిన్న ఆఫీసుకి టైమర్‌తో 30 సెకన్లకోసారి చదవడం చాలు. యూజర్ సెల్‌లో టైప్ చేస్తుంటే, అంటే ఈజ్‌కరెంట్‌సెల్‌ఇన్‌ఎడిట్‌మోడ్ ట్రూ అయితే, ఆ విడత వదిలేయండి. ఫారమ్ యాక్టివేటెడ్ ఈవెంట్‌లో మాత్రం ఈ కోడ్ పెట్టకండి. కనెక్షన్ తెగి మెసేజ్‌బాక్స్ వస్తే, అది మూయగానే ఈవెంట్ మళ్ళీ వస్తుంది, మళ్ళీ మెసేజ్‌బాక్స్, ఇక ఆగదు. డేటా మారితే కబురు పంపే ఎస్‌క్యూఎల్‌డిపెండెన్సీ వాడొచ్చు గానీ దానికి డేటాబేస్‌లో సర్వీస్ బ్రోకర్ (సందేశాలు పంపే సదుపాయం) ఆన్‌లో ఉండాలి, క్వెరీలో సెలెక్ట్ స్టార్ ఉండకూడదు, టేబుల్ పేరు ముందు డీబీఓ లాంటి స్కీమా పేరుండాలి. ఒకసారి కబురొచ్చాక మళ్ళీ నమోదు చేయాలి. పైగా ఆ కబురు వేరే థ్రెడ్ మీద వస్తుంది, గ్రిడ్‌ని ముట్టుకునే ముందు ఇన్‌వోక్ (పనిని ఫారమ్ థ్రెడ్‌కి అప్పగించే మెథడ్) తప్పదు.